ఆర్‌లో లెక్క తెల్లారేదాకా నడుస్తోందా? లాప్‌టాప్ మార్చకండి, బ్లాస్ మార్చండి

మా చిన్నమ్మ కొడుకు వరి వంగడాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. మొన్న ఎండాకాలం హనుమకొండలో వాడి రూం నుంచి ఫోన్. "అన్నా, రాత్రి పండేముందు స్క్రిప్ట్ పెట్టిన, పొద్దుగాల లేచి చూస్తే ఇంకా నడుస్తనే ఉంది. కొత్త లాప్‌టాప్ కొనాల్నా ఏంది?" అని అడిగాడు. చౌరస్తాలో రేట్లు కూడా కనుక్కొని వచ్చాడట. జర ఆగు, ముందు ఆర్ (వాడు లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాష) తెరిచి సెషన్‌ఇన్ఫో అని కొట్టి ఏం వస్తుందో ఫొటో పంపు అన్నాను. ఫొటో రాగానే విషయం తెలిసిపోయింది. నాలుగు కోర్ల మంచి మెషీన్, దాంట్లో మాత్రికల లెక్కలు చేసిపెట్టే లైబ్రరీగా నడుస్తున్నది మాత్రం ఎవరూ సాన పట్టని మామూలు బ్లాస్. ఆ రోజు వాడికి ఫోన్లో చెప్పిందే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను. కమాండ్ల పేర్లు మనం నోటితో ఎలా అంటామో అలాగే రాశాను, కీబోర్డు మీద స్పెల్లింగ్ మీకు ఎలాగూ తెలుసు.

వాడు చేస్తున్న పని చూడండి. 1,500 వరి లైన్లు, ఒక్కోదానికి 40,000 డీఎన్‌ఏ మార్కర్లు. ఆ అంకెల పట్టికను, అంటే మాత్రికను, దాని ట్రాన్స్‌పోజ్‌తో (వరుసలు నిలువులుగా మార్చినదానితో) గుణించి లైన్ల మధ్య చుట్టరికం లెక్క తీయాలి. ఒక్కసారి చేయడానికే సుమారు 9,000 కోట్ల గుణకారాలు, వాటితో పాటు అన్నే కూడికలు పడతాయి. సెకనుకు 100 కోట్ల జతల చొప్పున చేసినా ఒక్కసారికి 90 సెకన్లు. మార్కర్లలో కొన్నింటిని వదిలేసి, మళ్లీ తీసి, ఇలా 300 సార్లు చేయాలంటే ఏడున్నర గంటలు. మరి తెల్లారదా!

ఇప్పుడు ఈ బ్లాస్ ఏందో రెండు ముక్కల్లో. వెక్టర్ల కూడిక, మాత్రికల గుణకారం లాంటి పనులకు ఫలానా పేరుతో ఫలానా ఫంక్షన్ ఉండాలని పెట్టుకున్న ఒప్పందం అది. వెక్టర్ పనులు 1979లో, వెక్టర్‌తో మాత్రిక పనులు 1988లో, మాత్రికతో మాత్రిక పనులు 1990లో వచ్చాయి. ఈ మూడో రకాన్నే లెవెల్ 3 అంటారు. సమీకరణాలు సాధించడం, మాత్రికను విడగొట్టే ఎస్వీడీ, ఐగన్ విలువలు లాంటి పెద్ద పనులు చేసే లాప్యాక్ దీని భుజాల మీదే నిలబడుతుంది. పేర్లూ, అడిగే పద్ధతీ ఒకటే కాబట్టి లోపల ఎవరి బ్లాస్ పెట్టినా ఆర్‌కు తేడా తెలియదు, మీ స్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేదు. ఆర్‌తో పాటు వచ్చేది రిఫరెన్స్ బ్లాస్. సరైన జవాబు ఇస్తుంది, అందులో అనుమానం లేదు, కానీ ఒక్క కోర్ మీద, పుస్తకంలో ఉన్న మూడు లూపులను ఉన్నట్టే నడిపిస్తుంది.

అది ఎందుకు నెమ్మది అంటే, నాట్లు వేసేటప్పుడు చూడండి, నారు కట్టలు ముందే మడిలో అక్కడక్కడ విసిరి పెడతారు. నాటే మనిషి చేయి చాపితే కట్ట అందాలి. ఒక్కో మొక్క కోసం గట్టు దాకా పోయి రావాలంటే ఎకరం నాటడానికి పంటకాలం సరిపోదు. ర్యామ్ అనేది ఆ గట్టు, ప్రాసెసర్ పక్కనే ఉండే క్యాష్ మెమరీ చేతికందే మడి. సాన పట్టిన బ్లాస్‌లు మాత్రికను క్యాష్‌లో పట్టే ముక్కలుగా కోసి, ఒక ముక్క తెచ్చాక దానితో చేయాల్సిన పనంతా అయ్యేదాకా వదలవు. దానికి తోడు ఏవీఎక్స్2 అనే కమాండ్ల సెట్ ఉన్న ప్రాసెసర్‌లో ఒకే దెబ్బకు నాలుగు డబుల్ (64 బిట్ల దశాంశ) సంఖ్యల మీద పని జరుగుతుంది, గుణకారం కూడిక కలిపి ఒకేసారి. కాగితం మీద లెక్క వేస్తే అలాంటి పని చేసే యూనిట్లు రెండు ఉన్న 3 గిగాహెర్ట్జ్ కోర్ ఒక్కటే సెకనుకు 4,800 కోట్ల ఆపరేషన్లు చేయగలదు. 2,000 వరుసలు, 2,000 నిలువులు ఉన్న రెండు మాత్రికల గుణకారానికి కావాల్సింది 1,600 కోట్లు. అంటే సెకనులో మూడో వంతు. రిఫరెన్స్ బ్లాస్‌తో అదే పనికి సెకన్లకు సెకన్లు కూర్చోవాలి.

మొదటి పని: ఇప్పుడు ఏది నడుస్తోందో చూడండి

ఆర్ తెరిచి సెషన్‌ఇన్ఫో కొట్టండి. 3.4 వెర్షన్ నుంచి లినక్స్, మ్యాక్‌లలో అందులో బ్లాస్, లాప్యాక్ ఫైళ్లు ఏ దారిలో ఉన్నాయో కనిపిస్తుంది. ఆ పేరులో ఓపెన్‌బ్లాస్ అనో, ఎంకేఎల్ అనో (రెండూ సాన పట్టిన బ్లాస్‌లే) ఉంటే మీ పని ముందే ఎవరో చేసి పెట్టారు, నేరుగా కింద ఆరోదైన థ్రెడ్ల దగ్గరికి దిగండి. ఆర్‌బ్లాస్ అని గానీ, బ్లాస్ అనే ఫోల్డర్‌లో ఉత్త లిబ్‌బ్లాస్ అని గానీ ఉంటే అది రిఫరెన్స్‌దే.

రెండోది: అసలు మీ స్క్రిప్ట్‌కు ఇది అవసరమా?

ఈ మెట్టు దాటేసి ఇన్‌స్టాల్ చేయడం, తర్వాత "ఏం తేడా రాలేదు" అనడం చాలా మంది చేసే పని. ఏ ఫంక్షన్ ఎంత టైం తింటోందో కొలిచే ఆర్‌ప్రొఫ్ ఆన్ చేసి స్క్రిప్ట్‌ను చిన్న డేటా మీద నడపండి, సమ్మరీఆర్‌ప్రొఫ్‌లో పైన ఏ పేర్లు వస్తున్నాయో చూడండి. మాత్రిక గుణకారం, క్రాస్‌ప్రాడ్, సాల్వ్, చోల్, ఎస్వీడీ, ఐగన్, పీసీఏ (బోలెడు నిలువులను కొన్ని కాంపొనెంట్లుగా కుదించడం) కోసం వాడే పీఆర్‌కాంప్, ఇవి పైన ఉంటే మీ పంట పండినట్టే. ఫైల్ చదవడం, డేటా ఫ్రేములు కలపడం, ఫర్ లూపులో ఒక్కో వరుస చూడటం, దూరాలు లెక్కించే డిస్ట్ ఫంక్షన్, రాండమ్ ఫారెస్ట్, ఇవి ఉంటే బ్లాస్ మార్చినా మార్చకపోయినా ఒకటే. బండి ఇంజన్ మారిస్తే రోడ్డు మీద గుంతలు పూడవు కదా.

మరి రిగ్రెషన్ చేసే ఎల్‌ఎం? స్టాటిస్టిక్స్ వాళ్లు ముందు అడిగేది ఇదే, జవాబు వినగానే మొహం మాడ్చేదీ ఇక్కడే. ఎల్‌ఎం లోపల నడిచేది లాప్యాక్ కాదు, అంతకుముందు కాలపు లిన్‌ప్యాక్ లైబ్రరీలోని, మాత్రికను విడగొట్టే క్యూఆర్ ఫంక్షన్, అదీ ఆర్ వాళ్లు తమ అవసరానికి మార్చుకున్నది. అది లెవెల్ 1 అనే వెక్టర్ పనులతోనే, ఒక్కో నిలువు మీద నడుస్తుంది. ఒక సంఖ్య తెచ్చి దాని మీద ఒకటో రెండో ఆపరేషన్లు చేసి వదిలేసే చోట ఏ బ్లాస్ అయినా చేసేది కొంచెమే. నిలువులు పది, ఇరవై ఉన్న మామూలు రిగ్రెషన్ ఎలాగూ క్షణంలో అయిపోతుంది కాబట్టి ఫికర్ లేదు. వందల నిలువులతో వేల సార్లు ఫిట్ చేసేవాళ్లయితే క్రాస్‌ప్రాడ్, చోల్ వాడి మీరే రాసుకోండి, అప్పుడు బ్లాస్ మొత్తం పనిలోకి దిగుతుంది. కాకపోతే నిలువులు ఒకదానికొకటి దాదాపు సమానంగా ఉండే డేటాలో ఆ దారి ప్రమాదం, క్యూఆర్ తట్టుకున్నంతగా అది తట్టుకోదు.

మూడోది: ఏది ఎంచుకోవాలి

ఇక్కడ జనం వారాలు గడుపుతారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: రిఫరెన్స్ నుంచి బయటపడటమే పెద్ద గంతు, సాన పట్టిన వాటి మధ్య తేడా దాని ముందు చిన్నది. నాలుగు కోర్ల మెషీన్‌లో పెద్ద మాత్రికల గుణకారం పది రెట్లకు మించి వేగం కావడం మామూలు విషయం, ఆ తర్వాత ఒకదాన్ని వదిలి ఇంకోదానికి పోతే వచ్చే లాభం కోసం ఆదివారాలు పాడు చేసుకోవద్దు.

ఓపెన్‌బ్లాస్‌తోనే మొదలు పెట్టండి. కజుషిగే గోటో అనే ఆయన టెక్సాస్‌లో ఉన్నప్పుడు అసెంబ్లీ భాషలో చేత్తో రాసిన గోటోబ్లాస్ ఉండేది, దాని పని ఆగిపోయాక 2011లో చైనాలో జాంగ్ షియాన్‌యీ దాన్ని అందుకొని ఓపెన్‌బ్లాస్‌గా నడిపించారు. ఉచితం, ఓపెన్ సోర్స్, ఇంటెల్, ఏఎండీ, ఆర్మ్ అన్నిటికీ వేర్వేరు కోడ్ పెట్టుకొని, నడిచేటప్పుడు మీ ప్రాసెసర్ ఏదో చూసి తగినది తీసుకుంటుంది.

ఇంటెల్ ఎంకేఎల్‌ను ఇప్పుడు వన్ఎంకేఎల్ అంటున్నారు. డబ్బులు కట్టక్కర్లేదు కానీ ఓపెన్ సోర్స్ కాదు, డౌన్‌లోడ్ కూడా పెద్దదే, హాస్టల్ వైఫైలో ఓపిక ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ మీద చాలా బాగుంటుంది, ముఖ్యంగా ఎస్వీడీ, ఐగన్ లాంటి లాప్యాక్ పనుల్లో. ఏఎండీ మీద మాత్రం దీనిది సవతి ప్రేమ. పెద్ద రోడ్డు ఉండగా సందుల్లోంచి తీసుకుపోతుందని పేరు పడింది. ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి ఏఎండీ మీద కూడా వేగంగా నడిపించే చిట్కా ఒకటి తిరిగేది, 2020లో వచ్చిన అప్‌డేట్లలో దాన్ని తీసేశారు. పాత పోస్టులు చూసి ఇంకా అదే పెడుతున్నారు కొందరు. ఎంకేఎల్ పెడితే ఎంకేఎల్ థ్రెడింగ్ లేయర్ అనే వేరియబుల్‌కు జీఎన్‌యూ అని ఇవ్వడం మర్చిపోవద్దు, లేదంటే పనిని కోర్లకు పంచే ఓపెన్ఎంపీ రెండు అవుతుంది: ఆర్ తెచ్చుకున్న ఓపెన్ఎంపీ, ఎంకేఎల్ తెచ్చుకున్న ఓపెన్ఎంపీ ఒకే ఇంట్లో కొట్టుకుంటాయి.

ఏఎండీ రైజెన్ వాళ్లకు ఓపెన్‌బ్లాస్ చాలు, ఇంకా కావాలంటే బ్లిస్ ఉంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో పుట్టింది, ఏఎండీ తన లైబ్రరీని దాని మీదే కట్టుకుంది. అట్లాస్ అని ఇంకో పాత పేరు వింటారు, మీ మెషీన్ మీదే రకరకాలుగా కొలిచి తనను తాను మలుచుకునేది. ఐడియా గొప్పది, కానీ ఎవరి మెషీన్ మీదో కట్టిన ప్యాకేజీని తెచ్చుకుంటే ఆ మలుచుకోవడం మీకు దక్కదు. ఈ రోజు కొత్తగా పెట్టేవాళ్లకు నేను చెప్పను.

నాలుగోది: పెట్టడం

ఉబుంటు, డెబియన్ వాళ్లకు ఇది టీ తాగే లోపు అయ్యే పని. ఆప్ట్‌తో లిబ్ ఓపెన్‌బ్లాస్ డెవ్ అనే ప్యాకేజీ వేయండి, చాలాసార్లు అదే తనంతట తాను పెద్ద పీట మీద కూర్చుంటుంది. కూర్చుందో లేదో అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్ కమాండ్‌కు కాన్ఫిగ్ ఆప్షన్ ఇచ్చి లిబ్‌బ్లాస్‌కు ఒకసారి, లిబ్‌లాప్యాక్‌కు ఇంకోసారి చూసుకోండి, అంకెలతో లిస్టు వస్తుంది, ఓపెన్‌బ్లాస్ పక్కనున్న అంకె కొట్టండి. ఆర్ మూసి తెరవండి, సెషన్‌ఇన్ఫో మళ్లీ చూడండి. నచ్చకపోతే అదే లిస్టులో పాత అంకె కొడితే ఎప్పటిలాగే. కాండా అనే ప్యాకేజీ మేనేజర్‌లో వేసుకున్న ఆర్‌కు ఈ మార్పు అంటదు, దాని బ్లాస్ దాని ఇంట్లోనే ఉంటుంది.

ఫెడోరాలో ఫ్లెక్సీబ్లాస్ అనే మధ్యవర్తి ఉంటుంది, దానికి చెబితే వెనకాల ఎవరు పని చేయాలో అది చూసుకుంటుంది.

మ్యాక్ వాళ్లకు ఆపిల్ సొంత యాక్సెలరేట్ ముందే ఉంది. ఆర్ ఫ్రేమ్‌వర్క్ ఫోల్డర్‌లో లిబ్ లోపలికి పోతే పేరులో వెక్‌లిబ్ ఉన్న ఆర్‌బ్లాస్ ఫైల్ కనిపిస్తుంది, లిబ్‌ఆర్‌బ్లాస్ అనే లింకును దాని వైపు తిప్పడమే.

విండోస్ కొంచెం తలనొప్పి. ఆర్ ఫోల్డర్‌లో బిన్, దాని లోపల ఎక్స్64లో ఆర్‌బ్లాస్, ఆర్‌లాప్యాక్ అనే రెండు డీఎల్‌ఎల్ ఫైళ్లు ఉంటాయి. వాటిని వేరే చోట కాపీ పెట్టుకొని, ఓపెన్‌బ్లాస్ డీఎల్‌ఎల్‌ను అవే పేర్లతో అక్కడ పెడతారు. ఈ కాపీ పెట్టుకోవడం దాటేయకండి, ఒక్కోసారి ఆర్ అసలు తెరుచుకోదు. ఆ డీఎల్‌ఎల్ కూడా ఓపెన్‌బ్లాస్ వాళ్ల దగ్గర్నుంచే తీసుకోండి, ఎవరో టెలిగ్రామ్ గ్రూపులో పెట్టింది కాదు. ఆర్ కొత్త వెర్షన్ వేస్తే కొత్త ఫోల్డర్ వస్తుంది, అందులో మళ్లీ రిఫరెన్సే ఉంటుంది, పని మళ్లీ మొదటికి. వెనకటికి మైక్రోసాఫ్ట్ ఆర్ ఓపెన్ అని ఎంకేఎల్‌తో కలిపి వచ్చేది, దాన్ని ఆపేశారు కాబట్టి ఆ దారి మర్చిపోండి. మా తమ్ముడికి నేను డబ్ల్యూఎస్‌ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపించేది) ఉబుంటు వేయించాను, పైన ఉబుంటు పేరాలో చెప్పిన పనితో అయిపోయింది.

పైథాన్ వాళ్లు కూడా చదువుతుంటే ఒక మాట: పిప్‌తో వచ్చే నంపైలో సాధారణంగా ఓపెన్‌బ్లాస్ లోపలే ఉంటుంది, షో కాన్ఫిగ్ కొడితే కనిపిస్తుంది. మీకు పనికొచ్చేది కింద ఉన్న థ్రెడ్ల గొడవే.

ఐదోది: కొలవడం

రాండమ్ సంఖ్యలతో 2,000 వరుసలు, 2,000 నిలువుల మాత్రిక చేయండి, 32 ఎంబీ, ఏ లాప్‌టాప్‌కైనా బరువు కాదు. సిస్టమ్ టైమ్ లోపల దాన్ని దానితోనే గుణించండి. తర్వాత సాల్వ్, ఎస్వీడీ కూడా. మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి, ఒక్కోటి మూడు నాలుగు సార్లు.

వచ్చే మూడు అంకెల్లో చూడాల్సింది ఎలాప్స్‌డ్. మొదటిది, యూజర్ అనేది, అన్ని కోర్లూ పడ్డ కష్టం కలిపి చెబుతుంది కాబట్టి నాలుగు కోర్లు ఒక సెకను పని చేస్తే అక్కడ నాలుగు అని ఉంటుంది. ఆ నిలువు చూసి "అన్నా, ఇంకా నెమ్మది అయ్యింది" అని మావాడు మళ్లీ ఫోన్ చేశాడు. పక్కన ఇంకో టెర్మినల్‌లో టాప్ అనే కమాండ్ తెరిచి పెట్టుకుంటే బొమ్మ స్పష్టంగా కనబడుతుంది. ఆర్ అని రాసి ఉన్న వరుసలో సీపీయూ నిలువు రిఫరెన్స్ ఉన్నప్పుడు 100 దగ్గర నిలబడి ఉంటుంది, ఓపెన్‌బ్లాస్ పెట్టాక ఎంటర్ కొట్టగానే 400 దాకా లేచి టక్కున పడిపోతుంది. అప్పుడే లాప్‌టాప్ ఫ్యాన్ కూడా బస్సు గుట్ట ఎక్కుతున్నట్టు మోగుతుంది.

ఫ్యాన్ అంటే గుర్తొచ్చింది, మే నెల మధ్యాహ్నం మన ఓరుగల్లు రూముల్లో కొలిచిన టైమును నమ్మకండి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఒక లైబ్రరీని పొద్దున ఆరింటికి, ఇంకోదాన్ని పగలు రెండింటికి కొలిచి ఏది గొప్పో తేల్చితే మీరు కొలిచింది ఎండను. చార్జర్ పెట్టి, ఒకే పూట, ఒకదాని తర్వాత ఒకటి కొలవండి. కరెంటు పోయి బ్యాటరీ మీద పడినా లెక్క మారుతుంది.

అన్నీ సరిగ్గా చేసినా గుణకారం నెమ్మదిగానే ఉందా? డేటాలో ఎన్‌ఏ, అంటే విలువ లేని గడి, ఉందేమో చూడండి. నేను దీని దగ్గర ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. మండలాలవారీ వర్షపాతం పట్టిక, ఒకే ఒక్క గడి ఖాళీ. ఆర్ మామూలు సెట్టింగ్‌లో గుణకారానికి ముందు ఎన్‌ఏ, ఎన్‌ఏఎన్ (సంఖ్య కానిది) ఉన్నాయేమో వెతుకుతుంది, ఒక్కటి దొరికినా బ్లాస్‌ను పక్కన పెట్టి తన సొంత లూపుతో నెమ్మదిగా చేస్తుంది, ఎందుకంటే అలాంటి విలువలను బ్లాస్‌లు ఎలా మోస్తాయో దానికి భరోసా లేదు. మ్యాట్‌ప్రాడ్ అనే ఆప్షన్‌కు బ్లాస్ అని ఇస్తే ఈ వెతుకులాట ఆగుతుంది, కానీ నన్నడిగితే ఆ ఖాళీ గడి సంగతి ముందు తేల్చుకోవడమే మేలు.

ఆరోది: థ్రెడ్లు, అసలు చిక్కు ఇక్కడే

ఒకప్పుడు ఒక ల్యాబ్‌లో అందరం కలిసి వాడుకునే 16 కోర్ల మెషీన్ ఉండేది. నేను పనులను కోర్లకు పంచే ఎంసీఎల్‌అప్లైతో 16 పనులు ఒకేసారి పెట్టి ఇంటికొచ్చాను, తెలివైనవాణ్ని అనుకుంటూ. ఒక్కో పని లోపల ఓపెన్‌బ్లాస్ మళ్లీ 16 థ్రెడ్లు (ఒకేసారి పక్కపక్కన నడిచే పాయలు) తెరిచింది. 16 కోర్ల మీద 256 థ్రెడ్లు, సమ్మక్క జాతర నాడు మేడారం రోడ్డు లాగా ఎవరూ కదలరు. రాత్రి పదింటికి ఒక సీనియర్ ఫోన్ చేసి అన్న మాటలు ఇక్కడ రాయలేను.

కాబట్టి పనులు మీరే పంచుతున్నప్పుడు బ్లాస్ థ్రెడ్లను 1కి దించండి. ఒకే పెద్ద మాత్రిక పని అయితే బ్లాస్‌కు కోర్లన్నీ ఇవ్వండి. అదీ అసలు కోర్ల సంఖ్యే, నాలుగు కోర్లను ఎనిమిదిగా చూపించే మెషీన్‌లో నాలుగే. ఓపెన్‌బ్లాస్ నమ్ థ్రెడ్స్ అనే వేరియబుల్‌ను ఆర్ మొదలు కాకముందే, టెర్మినల్‌లోనే పెట్టాలి, ఎందుకంటే లైబ్రరీ లోడ్ అయ్యే క్షణంలోనే అది చదివేసుకుంటుంది. ఆర్ తెరిచాక సిస్‌సెట్‌ఎన్వ్‌తో ఎంత మొత్తుకున్నా వినదు. ఆర్ లోపలి నుంచి మార్చాలంటే ఆర్‌హెచ్‌పీసీబ్లాస్‌సీటీఎల్ అనే ప్యాకేజీ ఉంది, పేరు నోరు తిరగదు కానీ పని చేస్తుంది.

చిన్న మాత్రికలకు, అంటే 50, 100 వరుసల వాటికి, లక్ష సార్లు నడిచే లూపుల్లో కూడా ఒక్క థ్రెడ్డే మంచిది. పని కన్నా మనుషుల్ని పోగు చేయడానికే ఎక్కువ టైం పడుతుంది.

ఏడోది: జవాబులు చూసుకోండి

లైబ్రరీ మారితే చివరి అంకెలు కొద్దిగా మారతాయి. తప్పు కాదు, దశాంశాలను ఏ వరుసలో కూడితే దాన్ని బట్టి చివర్లో తేడా వస్తుంది, ముక్కలుగా కోసి కూడితే వరుస మారుతుంది కదా. పాత ఫలితం సేవ్ చేసి పెట్టుకొని కొత్తదానితో ఆల్ ఈక్వల్ పెట్టి పోల్చండి, ఐడెంటికల్ పెడితే ఫాల్స్ వచ్చి ఊరికే టెన్షన్. పీసీఏలో అయితే ఒక కాంపొనెంట్ గుర్తు మొత్తం తిరగబడొచ్చు, ప్లస్‌లు మైనస్‌లై బొమ్మ అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. లెక్క ప్రకారం రెండూ సరైనవే. థీసిస్‌లో బొమ్మలు ముందే వేసినవాళ్లు మాత్రం అన్నీ ఒకే లైబ్రరీతో మళ్లీ వేసుకోండి, లేకపోతే మూడో అధ్యాయంలో ఎడమవైపు ఉన్న వంగడాలు ఐదో అధ్యాయంలో కుడివైపు ఎందుకు పోయాయని వైవాలో అడుగుతారు. సెషన్‌ఇన్ఫో ఇచ్చిన మొత్తం టెక్స్టును ఫలితాల పక్కనే ఒక ఫైల్‌లో పడేసి ఉంచండి.

ఉబుంటు పెద్ద అప్‌గ్రేడ్ అయినప్పుడల్లా సెషన్‌ఇన్ఫో మరోసారి చూడండి, చెప్పకుండా పాత దానికి తిరిగిపోయే అవకాశం ఉంది. మావాడైతే లాప్‌టాప్‌కు దాచిన డబ్బుల్లోంచి ఒక కూలింగ్ ప్యాడ్ కొన్నాడు, మిగతా డబ్బుల సంగతి చిన్నమ్మకు ఇంకా చెప్పలేదు.